చేతిరాత ఫాంట్ మూడు లిపుల్లో కావాలంటే: ఉన్నవి జతకట్టాలా, మార్చుకోవాలా, కొత్తగా గీయించాలా?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా కాసేపు నిలబడి బోర్డులు చదవండి. తెలుగు ఒక పద్ధతిలో, దాని కింద ఇంగ్లిష్ ఇంకో పద్ధతిలో, ఉర్దూ ఉంటే అది మరో పద్ధతిలో కనిపిస్తుంది. మామూలు అచ్చు అక్షరాల్లో ఈ తేడాను కన్ను సర్దుకుంటుంది. చేతిరాతలా ఉండే ఫాంట్లు వాడినప్పుడు అలా సర్దుకోదు. చేతిరాత అనగానే చదివేవారు ఒక మనిషి చేతిని ఊహించుకుంటారు, ఆ చెయ్యి మూడు లిపుల్లోనూ ఒకటే అనిపించాలి.

పెండ్లి పత్రికలు వేసే ప్రెస్సులకు, చేనేత సొసైటీల లేబుళ్లు చేసేవారికి, తండా బడుల కోసం చిన్న పుస్తకాలు తయారుచేసే టీచర్లకు ఈ అవసరం తరచూ వస్తుంది. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది కాబట్టి ఆఫీసు పనులు చేసేవారికీ వస్తుంది. దారులు మూడు. ఇప్పటికే ఉన్న ఫాంట్లను ఏరి జతకట్టడం ఒకటి. ఓపెన్ లైసెన్స్ ఉన్న (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చని అనుమతి ఇచ్చిన) ఫాంట్‌ను తీసుకుని మనకు కావలసినట్టు మార్చుకోవడం రెండోది. మొత్తం కొత్తగా గీయించడం మూడోది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మన ప్రాంతంలో చాలామందికి మొదటి దారే సరిపోతుంది, కొందరికి రెండోది కావాలి. మూడోది చాలా ఏళ్లు వాడుకునే పని ఉన్నవారికి, ప్రతి లిపికీ ఆ లిపిలో రోజూ రాసే మనిషి దొరికినవారికి మాత్రమే. ఏ దారిలో వెళ్లినా ఎంపికను తెలుగు ఒత్తుల దగ్గర, ఉర్దూ వాలు దగ్గర మొదలుపెట్టండి. ఇంగ్లిష్‌ను చివరికి ఉంచండి. చాలామంది ముందు ఒక అందమైన ఇంగ్లిష్ స్క్రిప్ట్ ఫాంట్ చూసి ఇష్టపడి, దానికి తగ్గ తెలుగు కోసం వెతుకుతారు. అలా వెతికితే దొరకదు. కారణం లిపుల నడకలోనే ఉంది.

లిపుల నడక

ఇంగ్లిష్ చేతిరాత ఫాంట్లలో రెండు రకాలున్నాయి: అక్షరాలు ఒకదానికొకటి అతుక్కునేవి, విడిగా నిలబడేవి. ఉర్దూకు ఈ ఎంపిక లేదు, అక్షరాలు కలవాల్సిందే. తెలుగులో అక్షరాలు కలవవు. మన దగ్గర కలిపి రాసే పద్ధతి అసలు లేదని కాదు, కరణాల కాగితాల్లో, ఊళ్ల వివరాలు రాసిన పాత కైఫీయతుల్లో గొలుసుకట్టు రాత ఉండేది, కలం ఎత్తకుండా అక్షరం వెంట అక్షరం లాగేవారు. దాన్ని చూసి ముచ్చటపడి, అలాంటి ఫాంట్ చేయిద్దామనుకునేవారు ఉన్నారు. ఆ ముచ్చట నాకూ ఉంది. కానీ గొలుసుకట్టు చదవగలిగేవారు ఇప్పుడు చాలా తక్కువ. పెండ్లి పత్రిక మీద ముహూర్తం ఎవరికీ అర్థం కాకపోతే ఏం లాభం? ఒక పుస్తకం పేరుకో, ఒక ప్రదర్శన పోస్టర్‌కో వాడుకోవచ్చు, అంతకుమించి వద్దు.

కాబట్టి తెలుగు విడిగా, ఉర్దూ కలిసి. మధ్యలో ఇంగ్లిష్ ఎటైనా ఒదుగుతుంది. తెలుగు పెద్దగా ఉండే పనిలో విడి అక్షరాల ఇంగ్లిష్ తీసుకోండి. అతుక్కునే ఇంగ్లిష్ ఫాంట్లు సాధారణంగా కుడికి వాలి, ఒక చోట సన్నగా ఒక చోట లావుగా సాగుతాయి. గుండ్రని తెలుగు పక్కన అవి పరాయిగా కనిపిస్తాయి. ఈ తేడా పోగొట్టడానికి తెలుగును సాఫ్ట్‌వేర్‌లో పక్కకు వాల్చడం చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. తలకట్టు వంకరపోతుంది, గుడి పక్కకు జారుతుంది, ఒత్తు తన అక్షరం కింద ఉండకుండా పక్క అక్షరం కిందికి పోతుంది.

గీత మందం సంగతి ఇంకా లోతైనది. తాటాకు మీద గంటంతో రాసిన లిపి కాబట్టి తెలుగు గీత దాదాపు ఒకే మందంతో తిరుగుతుంది. ఉర్దూను వాలుగా దిగుతూ రాసే పద్ధతిని నస్తలీఖ్ అంటారు, దానికి ఏటవాలుగా చెక్కిన వెదురు కలం కావాలి, అడ్డం గీతలు లావుగా, నిలువు గీతలు సన్నగా వస్తాయి. ఇంగ్లిష్ స్క్రిప్ట్ అందం చాలావరకు మొనదేలిన ఉక్కు పాళీ నుంచి వచ్చింది. మూడు కలాలు మూడు రకాల గీతలు గీస్తాయి. వీటిని కలిపే పనిముట్టు మన ఊళ్లలోనే ఉంది, బోర్డులు రాసే పెయింటర్ చేతిలోని బ్రష్. ఫ్లెక్సీలు రాకముందు నల్లగొండ, పాలమూరు బజార్లలో ఒకే పెయింటర్ ఒకే బ్రష్‌తో మూడు భాషలూ రాసేవాడు. అక్షరాల ఆకారాలు వేరైనా గీత మొదలు, గీత చివర ఒకేలా ఉండేవి. ఫాంట్లు జత కలిపేటప్పుడు నేను మొదట చూసేది అదే. గీత ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఆగిన చోట గుండ్రంగా ఉందా, కోసినట్టు ఉందా అని చూడండి. ఆకారాల పోలిక తర్వాత సంగతి.

మొదటి దారి: ఉన్నవి జతకట్టడం

ఖర్చు లేదు, ఈరోజే మొదలుపెట్టవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు చాలానే ఉన్నాయి, దాదాపు అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవే. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన వరుసలో మండలి, ఎన్టీఆర్, రామభద్ర, పెద్దన, ధూర్జటి వంటివి ఉన్నాయి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరుతో సురవరం కూడా ఉంది. ఆయన మన పాలమూరు మనిషి కాబట్టి ఆ పేరు చూస్తే సంతోషమే. కానీ అది శీర్షికలకు, పోస్టర్లకు తగిన ఫాంట్, చేతిరాత కోసం దాని దగ్గరికి వెళ్లకండి. ఆ వరుసలో చేతిరాత ఛాయ ఉన్నది లక్కి రెడ్డి. ఆహ్వానాలకు బాగుంటుంది, అయితే ఒకే మందం దొరుకుతుంది. ఈ వరుస మొత్తంలో గమనించాల్సిన విషయం ఒకటుంది. వీటిలోని ఇంగ్లిష్ అక్షరాలు చాలావరకు వేరే ఫాంట్ల నుంచి తెచ్చి కలిపినవి. ఒకే ఫైల్‌లో ఉన్నాయి కదా అని రెండూ కలిసిపోతాయనుకోవద్దు, పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకే చేతి కింద పలు లిపులు కావాలంటే ఏక్ టైప్ అనే ఫాంట్ సంస్థ వారి బలూ మంచి ఎంపిక. తెలుగుకు బలూ తమ్ముడు, కన్నడకు బలూ తమ్మ, ఉర్దూకు బలూ భాయిజాన్ ఉన్నాయి. హిందీకి కూడా ఉంది. గీతల చివరలు మెత్తగా, చేతితో రాసిన బోర్డు లెటర్లలా ఉంటాయి. రెండో కూర్పులో ఐదు మందాలు దొరుకుతాయి. దుకాణం పేరుకు, మిఠాయి డబ్బాకు, పిల్లల పుస్తకం అట్టకు నేను ముందు దీన్నే సూచిస్తాను. లోటు ఉర్దూ వైపు ఉంది: భాయిజాన్ నస్తలీఖ్‌లా వాలుగా దిగదు, అడ్డంగా ఒకే గీత మీద నడుస్తుంది. రెండు మూడు మాటల బోర్డుకు ఇబ్బంది లేదు. నికా పత్రిక మీద అయితే మన ఉర్దూ పాఠకులు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర కూడా లేదు. అక్కడ నోటో నస్తలీఖ్ ఉర్దూ గానీ, గుల్జార్ గానీ తీసుకోండి. రెండూ ఓపెన్ ఫాంట్లే.

నారాయణపేట, మక్తల్, కృష్ణా వైపు పని చేసేవారికి ఉర్దూతో పాటు కన్నడ కూడా కావాలి. వారికి ఆకాయ చూడమని చెప్తాను. కన్నడకు ఆకాయ కన్నడక, తెలుగుకు ఆకాయ తెలివిగల అని రెండు వేర్వేరు ఫైళ్లు, వాటిలో ఇంగ్లిష్ మాత్రం ఉమ్మడి. గీతలో మంచి కదలిక ఉంది. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి వచ్చినవే. ఆలంపురం శాసనాల్లో ఆ పాత ఉమ్మడి రూపం ఇప్పటికీ చూడవచ్చు. అంత దగ్గరి లిపులు కాబట్టే చిన్న తేడా కూడా పెద్దగా కనబడుతుంది. తలకట్టు మలుపు తప్పితే తెలుగు కన్నడలా, కన్నడ తెలుగులా అనిపిస్తుంది. ఆకాయ ఆ తేడాను నిలబెట్టింది. ఒకే మందం ఉండటం దీని పరిమితి.

హిందీ, ఇంగ్లిష్ రెండే చాలనుకుంటే కలం అనే ఫాంట్ చక్కని చేతిరాత. అందులో తెలుగు లేదు. అనేక్ ఫాంట్ కుటుంబంలో తెలుగు, కన్నడ, హిందీ సహా మన లిపులు తొమ్మిది, ఇంగ్లిష్ ఉన్నాయి, ఉర్దూ లేదు, పైగా అది చేతిరాత కూడా కాదు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ధర, కొలత, అడ్రస్ రాయడానికి మాత్రం చాలా పనికొస్తుంది. చేతిరాత ఫాంట్‌ను ఆ చిన్న సైజులో వాడకూడదు కాబట్టి ఇలాంటి తోడు ఒకటి ఎలాగూ కావాలి.

పాత ‘అను’ ఫాంట్ల మాట ఇక్కడే చెప్పాలి. మన డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో వాటితోనే బతికాయి. ఆ చేయి తిరిగిన ఆపరేటర్ల వేగం నాకు తెలుసు. కానీ అవి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతి) కావు. అందులో కొట్టిన పేరును వాట్సాప్‌లో పంపితే అక్షరాలుగా రాదు, ఫైల్‌లో వెతికితే దొరకదు, ఉర్దూతో ఒకే వాక్యంలో కలవదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కాబట్టి ఫాంట్ మార్చాలంటే సాఫ్ట్‌వేర్ కూడా మార్చాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేస్తే తెలుగు, ఉర్దూ రెండూ సరిగ్గా వస్తాయి. డబ్బు పెట్టలేనివారికి స్క్రైబస్ కొత్త వెర్షన్లు, ఇంక్‌స్కేప్, లిబ్రేఆఫీస్ ఉన్నాయి. అన్నీ హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ మీదే అక్షరాలను కూరుస్తాయి. ఇన్‌డిజైన్‌లో గ్రెప్ స్టైల్ పెట్టుకుంటే తెలుగు మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలకు మీరు ఎంచుకున్న ఇంగ్లిష్ ఫాంట్, సైజు తమంతట తామే పడతాయి. సైజు ఎందుకంటే, ఒకే పాయింట్‌లో పెట్టినా రెండు లిపులు సమానంగా కనబడవు. తెలుగు అక్షరం ఒళ్లు ఇంగ్లిష్ చిన్న అక్షరం కంటే కొంచెం ఎత్తు, పెద్ద అక్షరం కంటే కొంచెం పొట్టి ఉండేలా సర్దితే నా కంటికి సరిగ్గా కుదురుతుంది.

రెండో దారి: తీసుకుని మార్చుకోవడం

జత దాదాపు కుదిరింది, ఏదో ఒకటి లేదు. అప్పుడు ఈ దారి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల పిల్లలకు లంబాడీ భాషలో పుస్తకం చేస్తున్నారనుకోండి. లంబాడీకి సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నారు. ముక్కుతో పలికే అచ్చులు చూపడానికి అరసున్న కావాలి. చాలా తెలుగు ఫాంట్లలో అరసున్న ఉంటుంది, కానీ వాడుక లేని గుర్తు కదా అని ఏదో గీసి వదిలేసినవీ ఉన్నాయి. అలాగే ఉర్దూ గజళ్లను తెలుగు లిపిలో అచ్చువేసేవారికి జ, ఫ, ఖ కింద నుక్తా అనే చుక్క పెట్టే అవసరం వస్తుంది. తెలుగు నుక్తా యూనికోడ్‌లోకి వచ్చింది 2021లో, 14.0 వెర్షన్‌తో. అంతకుముందు తయారైన ఫాంట్లలో దాన్ని వెతకడం వృథా. ఇలాంటి ఒకటి రెండు గుర్తుల కోసం కొత్త ఫాంట్ గీయించడం దండగ, ఉన్నదానికి కలుపుకోవచ్చు.

ఓపెన్ ఫాంట్ లైసెన్స్ దీనికి ఒప్పుకుంటుంది. షరతులు గుర్తుంచుకోండి: మార్చిన ఫాంట్‌ను కూడా అదే లైసెన్స్ కింద ఉంచాలి, పాత పేరును వారు తమకే ఉంచుకున్నట్టు రాసి ఉంటే కొత్త పేరు పెట్టాలి, ఫాంట్‌ను ఒక్కదాన్నే అమ్మకూడదు. ఆ ఫాంట్‌తో వేసిన పత్రికలు, పుస్తకాలు, చీరల లేబుళ్లు అమ్ముకోవడానికి ఏ అడ్డూ లేదు. పని చేయడానికి ఫాంట్‌ఫోర్జ్ ఉచితంగా దొరుకుతుంది. గ్లిఫ్స్ సులువుగా ఉంటుంది గానీ మ్యాక్ కంప్యూటర్ కావాలి, కొనాలి. విండోస్ వారికి డబ్బులిచ్చే పక్షంలో ఫాంట్‌ల్యాబ్.

ఈ దారిలో ఒక ఆశ పుడుతుంది: మంచి తెలుగు ఫాంట్ ఒకటి, మంచి నస్తలీఖ్ ఒకటి తెచ్చి ఒకే ఫైల్‌లో కలిపేస్తే టెన్షన్ ఉండదు కదా అని. వద్దని గట్టిగా చెప్తాను. లైన్ల మధ్య ఎంత ఖాళీ ఉండాలనేది ఫైల్ మొత్తానికి ఒకే లెక్క. నస్తలీఖ్‌లో మాట కుడి పక్కన పైన మొదలై ఎడమకు దిగుతూ వస్తుంది, మాట పొడవైతే ఎత్తూ పెరుగుతుంది. ఆ ఎత్తుకు చోటు ఇస్తే తెలుగు పేరాలో లైన్లు విడివిడిగా తేలిపోతాయి. తెలుగుకు తగ్గట్టు పెడితే ఉర్దూ మాట తల తెగుతుంది. తెలుగు, ఇంగ్లిష్ ఒక ఫైల్‌లో, ఉర్దూ వేరే ఫైల్‌లో ఉంచడమే సుఖం.

మూడో దారి: కొత్తగా గీయించడం

పని ఎంతో ముందు లెక్క చూసుకోండి. ఇంగ్లిష్‌కు పెద్దవి, చిన్నవి, అంకెలు, గుర్తులు కలిపి నూరు దాకా అక్షరాలు గీస్తే మామూలు వాడకానికి చాలు. తెలుగులో 35 హల్లులు, ఒక్కోదానికి తలకట్టు రూపం, దీర్ఘం నుంచి ఔత్వం దాకా 13 గుర్తులు, పొల్లు. 35ను 15తో గుణిస్తే 525 రూపాలు. దీనికి ఒత్తులు, అచ్చులు, అంకెలు అదనం. వట్రుసుడి లాంటివి పక్కన విడిగా నిలబడతాయి కాబట్టి అన్నీ కొత్తగా గీయక్కర్లేదు. కానీ గుడి, కొమ్ము, ఒత్వం ప్రతి అక్షరానికీ ఒకేలా అతుక్కోవు, చేతిరాతలో అసలే అతుక్కోవు. ఉర్దూ నస్తలీఖ్ దీనికంటే భారం. ఒక అక్షరం ఆకారం దాని తర్వాత ఏ అక్షరం వస్తుందనే దాన్నిబట్టి మారుతుంది. 1981లో వచ్చిన నూరీ నస్తలీఖ్ కోసం సుమారు 20,000 కూడిక రూపాలు తయారుచేయాల్సి వచ్చింది. ఇప్పటి ఓపెన్‌టైప్ పద్ధతిలో అన్ని అక్కర్లేదు, అయినా చిన్న బృందం తలకెత్తుకునే పని కాదు.

అందుకే కొత్తగా చేయించేవారికి నా సలహా: తెలుగు, ఇంగ్లిష్ గీయించుకోండి, ఉర్దూకు ఉన్న నస్తలీఖ్‌నే జతగా పెట్టి, మీ తెలుగు గీత మందాన్ని దానికి దగ్గరగా తెచ్చుకోండి. దుకాణం పేరో, సంస్థ పేరో ఒక్కటే ఉర్దూలో కావాలంటే ఫాంట్ ఎందుకు? హైదరాబాద్ పాతబస్తీలో ఖుష్‌ఖత్ (అందమైన ఉర్దూ చేతిరాత) రాసే కాతిబ్ (లేఖకుడు)తో ఆ ఒక్క పేరు రాయించి, స్కాన్ చేసి గీతలుగా మార్చుకోండి. ఏ ఫాంటూ అంత అందం ఇవ్వదు.

తెలుగు గీసే మనిషి ఎవరు అనేది డబ్బు కంటే ముఖ్యం. కంప్యూటర్ బాగా తెలిసిన డిజైనర్ కంటే, చేత్తో బోర్డులు రాసిన పెయింటర్ కాగితం మీద రాసినదాన్ని డిజైనర్ ఫాంట్‌గా మలిస్తే ఫలితం బాగుంటుంది. నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, గద్వాల ఊళ్లలో అలాంటివారు ఇంకా ఉన్నారు, చాలామంది పని మానేశారు. వారికి కూలితో పాటు గుర్తింపు కూడా ఇవ్వాలి, ఫాంట్ ఫైల్‌లో డిజైనర్ పేరు రాసే చోట వారి పేరు ఉండాలి. పానగల్లు గుడి శాసనాల అక్షరాలు చూసి ఫాంట్ చేద్దామని కొందరికి ఉబలాటం కలుగుతుంది. అవి రాతి మీద ఉలితో చెక్కినవి. వేరే రకం ఫాంట్‌కు మంచి మూలం, చేతిరాతకు కాదు.

కొనేముందు, దించుకునేముందు పరీక్ష

ఫాంట్ పేజీలో చూపించే నమూనా వాక్యాలను నమ్మకండి. మన మాటలు కొట్టి చూడండి. నల్లగొండ, జోగుళాంబ గద్వాల, మిర్యాలగూడ, యాదగిరిగుట్ట, ఆపైన శ్రీ, స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం. రాష్ట్రంలో ష కింద ట ఒత్తు, దానితో క్రావడి కలిసి ఎంత లోతుకు దిగుతాయో చూస్తే మీ లైన్ల మధ్య ఖాళీ అక్కడే తేలిపోతుంది. ఆ ఒత్తు కింది లైన్ గుడిని తాకకూడదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన పరీక్ష పొల్లుది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, హుజూర్‌నగర్, కొల్లాపూర్, చౌటుప్పల్, మక్తల్, అన్నీ పొల్లుతో ముగిసే పేర్లే. మొదటి మూడింటిలో మధ్యలోనూ పొల్లు ఉంది. మహబూబ్ తర్వాత కనబడని విడదీసే గుర్తు కొట్టకపోతే బ కింద న ఒత్తు పడి మహబూబ్నగర్ అవుతుంది. కొన్ని పాత ఫాంట్లు ఆ గుర్తు ఉన్నచోట ఖాళీ డబ్బా చూపిస్తాయి, వాటిని అక్కడే పక్కన పెట్టేయండి. చేతిరాత ఫాంట్లలో పొల్లును ముద్దగా, మిగతా అక్షరం కంటే పెద్దగా గీసినవి ఉంటాయి. మన ఊళ్ల పేర్లలో అది ప్రతి మాటకూ ఎదురై కంటికి గుచ్చుకుంటుంది. నాకు ఒక ఫాంట్ నచ్చాలంటే ముందు ర్, ల్ బాగుండాలి.

ఆ తర్వాత అసలు సైజులో ప్రింట్ తీయండి. పత్రిక అయితే పత్రిక కాగితం మీద, చీర లేబుల్ అయితే ఆ బట్ట మీదే. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట సొసైటీలు బట్ట లేబుళ్ల మీద సన్నని చేతిరాత నేయించి చూస్తే సున్నలు పూడిపోతాయి, ప, వ ఒకేలా కనబడతాయి. అక్కడ కొంచెం లావు గీత, కొంచెం పెద్ద సైజు కావాలి. బోర్డు అయితే రోడ్డు అవతల నుంచి ఫోన్‌లో ఫోటో తీసి చూడండి. ఉర్దూ భాగాన్ని ఉర్దూ చదివే మనిషితో తప్పకుండా చదివించండి. సాఫ్ట్‌వేర్ సరిగ్గా లేకపోతే అక్షరాలు విడిపోయి, ఎడమ నుంచి కుడికి తిరగబడి వస్తాయి. లిపి తెలియని కంటికి అది తప్పని కనిపించదు, ఫ్లెక్సీ కట్టాక ఊరందరికీ కనిపిస్తుంది.

కొత్తగా గీయించే పక్షంలో ఒప్పందం కాగితం మీద రాసుకోండి. అందులో చేతికి వచ్చే ఫాంట్ ఫైల్ ఒక్కటే కాకుండా, గీతలున్న మూల ఫైళ్లు కూడా ఇవ్వాలని ఉండాలి. యూఎఫ్‌వో (ఫాంట్ మూల ఫైళ్లకు వాడే ఉమ్మడి ఫార్మాట్) రూపంలో ఇస్తే రేపు ఇంకో డిజైనర్ చాలా ఫాంట్ సాఫ్ట్‌వేర్లలో తెరవగలడు. ఎన్ని కంప్యూటర్లలో వాడుకోవచ్చు, వెబ్‌లో పెట్టవచ్చా, తర్వాత అరసున్నో నుక్తానో కలపాలంటే ఎవరు, ఎంతకు కలుపుతారు అనేవీ అక్కడే తేల్చుకోండి. చివరి వాయిదా డబ్బు మాత్రం పైన చెప్పిన ఊళ్ల పేర్లన్నీ ప్రింట్‌లో సరిగ్గా వచ్చాకే ఇవ్వండి.